పన్నెండు వారాల గది: దిగేటప్పుడు ఐదు స్టార్లు, ఖాళీ చేసేటప్పుడు రెండు

ముందే చెప్పేస్తున్నా, ఇది పొడుగాటి రివ్యూ. ఇంటర్న్‌షిప్ ఖాయమైంది, ఊరు కొత్త, చేరాల్సిన తేదీకి మూడు వారాలే ఉంది, ఎక్కడ ఉండాలో తెలీదు అనే టెన్షన్‌లో ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. ఓపిక లేనివాళ్ళు నేరుగా కింద ఖాళీ చేసిన కథ దగ్గరికి వెళ్ళిపోండి, అసలు సరుకు అక్కడే ఉంది.

నేనున్నది నెలవారీగా గదులిచ్చే ఒక కో-లివింగ్ సర్వీసులో. పేరు రాయట్లేదు. ఆఖర్లో డబ్బుల దగ్గర గొడవైంది, సగం తేలింది, సగం తేలలేదు, ఇప్పుడు పేరు పెట్టి తిట్టిపోస్తే నాకు ఒరిగేదేం లేదు. పైగా ఇందులో చేరేముందు ఇలాంటివే ఇంకో నాలుగు చూశాను, వాటి కాంట్రాక్టులు తిరగేస్తే ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నట్టే ఉన్నాయి. మీకు దొరికేది వేరేది అయినా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ఏమిస్తారంటే, తాళం వేసుకోగలిగే సొంత గది, అందులో మంచం, పరుపు, బల్ల, కుర్చీ, బీరువా. బాత్రూమ్ ఇద్దరికి ఒకటి. వంటగది అంతస్తులో అందరికీ కలిపి. కరెంటు, నీళ్ళు, వైఫై, వారానికోసారి వరండా, వంటగది ఊడ్చి తుడవడం అన్నీ అద్దెలోనే. విడిగా గది తీసుకుని ఎవరి బిల్లు వాళ్ళు కట్టుకునే లెక్కతో పోలిస్తే కచ్చితంగా ఖరీదే. మరి ఎందుకు తీసుకున్నానంటే, మిగతా దార్లన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి కాబట్టి.

మామూలు ఇల్లు అడిగితే కనీసం ఏడాది అన్నారు. మూడు నెలలకి ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా మంచం కుర్చీ మనమే కొనుక్కోవాలి, వెళ్ళేటప్పుడు మనమే అమ్ముకోవాలి. రెండో దారి, సెలవులకి ఊరెళ్ళే స్టూడెంట్ ఎవరైనా తన గది ఆ మూడు నెలలకి మనకి ఇవ్వడం. అన్నిటికంటే చవక ఇదే. కాకపోతే ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉండాలి, అది లేకుండా దిగితే ఓనరు వచ్చి మీరెవరు అన్నరోజు మన దగ్గర చెప్పడానికేం ఉండదు. నాకు దొరికినతను ‘ఓనరుకి చెప్పక్కర్లేదు, ఆయన ఎప్పుడూ రాడు’ అన్నాడు, నేను దండం పెట్టేశాను. మూడోది, సెలవుల్లో హాస్టళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని యూనివర్సిటీలు బయటి విద్యార్థులకి గదులిస్తాయి. ఇది చాలామందికి తెలీదు, నాకూ తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోయింది. మీకు టైముంటే మొదట అది అడగండి, తర్వాతే ఈ రివ్యూ చదవండి.

ఇంకొకటి కూడా జరిగింది, సిగ్గుపడుతూనే చెప్తున్నా. ఆన్‌లైన్లో ఒక గది కనబడింది, అద్దె మిగతావాటిలో సగం, ఫోటోలు చూస్తే పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. ఓనరునని చెప్పినాయన ‘నేను విదేశంలో ఉన్నాను, అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్ చేస్తా, ఇంకో ముగ్గురు అడుగుతున్నారు, సాయంత్రంలోపు చెప్పండి’ అన్నాడు. నేను నిజంగానే బ్యాంకు యాప్ తెరిచాను. మా అక్క పక్కనుండి ఆ ఫోటో ఒకసారి గూగుల్లో ఇమేజ్ సెర్చ్ చేయవే అంటే చేశాను. అదే గది, అదే దుప్పటి, వేరే దేశంలో ఒక హోటల్ పేజీలో ఉంది. తాళాలు కొరియర్ చేస్తానన్నవాడు, చూడకముందే డబ్బడిగేవాడు, తొందరపెట్టేవాడు, ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

అలా భయపడి ఉన్న నాకు ఈ సర్వీసువాళ్ళు వీడియో కాల్లో గది చూపిస్తామనేసరికి కొండంత ధైర్యం వచ్చింది. చూపించారు కూడా, పదిహేను నిమిషాలు, అడిగినవన్నీ. ఇక్కడ ఒక కిటుకు. వెబ్‌సైట్లో ఫోటోలన్నీ వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తారు, అగ్గిపెట్టెంత గది కూడా హాలులా కనిపిస్తుంది. వీడియోలో మాత్రం నేల చూపించమని అడిగి పలకలు లెక్కపెట్టాను, ఆ పలక సైజెంతో వాళ్ళనే అడిగాను. 60 సెంటీమీటర్ల పలకలు, ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఐదు. అంటే 2.4 మీటర్లు, 3 మీటర్లు. ఫోటో చూసి నేను ఊహించుకున్నదాంట్లో సగం. కానీ ముందే తెలుసు కాబట్టి వెళ్ళాక గుండె జారలేదు. కిటికీ తెరిచి బయట ఏముందో చూపించమనండి, కుళాయి తిప్పమనండి, ఫోన్ సిగ్నల్ ఎన్ని గీతలుందో చూపించమనండి. విసుక్కుంటే అదీ మనకి ఒక సమాధానమే.

డబ్బు సంగతి. ఒక నెల అద్దె అడ్వాన్సు, మొదటి నెల అద్దె ముందుగా, దానిపైన తిరిగి రాని బుకింగ్ ఫీజు. స్టైపెండ్ ఏమో మొదటి నెల పనిచేశాక వస్తుంది. అంటే ఒక్క రూపాయి సంపాదించకముందే రెండు నెలల అద్దెకి పైగా చేతిలో ఉండాలి, ప్రయాణం ఖర్చు, మొదటి నెల తిండి, బస్సు పాసు అదనం. ఇంటర్న్‌షిప్ అంటే సంపాదన మొదలైనట్టు అనుకుంటాం గానీ మొదటి నెల అంతా ఎదురు పెట్టుబడే. కంపెనీ షిఫ్టింగ్ ఖర్చులకని కొంత ఇస్తానంది, సంతోషించాను, తీరా చూస్తే అది కూడా మొదటి జీతంతో కలిపే వేస్తారట. మీ హెచ్ఆర్‌ని ఎంత ఇస్తారని అడగడంతో సరిపెట్టకండి, ఎప్పుడు ఇస్తారో అడగండి. ముందే ఇవ్వడానికి వీలవుతుందా అని నా పక్క సీటమ్మాయి ఒక్క మెయిల్ పెట్టింది, ఇచ్చేశారు. నాకు అడగాలనే తోచలేదు.

కాంట్రాక్టు పద్నాలుగు పేజీలు. నేను ఆరో పేజీ దాకా చదివి ఫోన్ మీద వేలితో సంతకం గీసేశాను. నా గొడవంతా ఏడో పేజీలో ఉంది. దాని దగ్గరికి వస్తా.

ఇక దిగడం. ఈ విషయంలో వీళ్ళని ఎంత మెచ్చుకున్నా తక్కువే. నా ప్రయాణం ఆలస్యమై రాత్రి పదకొండున్నరకి చేరాను. గేటుకి తాళం చెవి ఉండదు, ఫోన్‌కి వచ్చిన ఆరంకెల కోడ్ కొట్టాలి. నా ఫోన్లో ఛార్జింగ్ నాలుగు శాతం. కోడ్ చూసేలోపు ఆరిపోతుందేమోనని గుండె దడదడలాడింది, చూశాను, కొట్టాను, తెరుచుకుంది, ఫోన్ ఆగిపోయింది. ఆ కోడ్ ముందే ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. లోపల కేర్‌టేకర్ మేలుకుని ఉన్నారు, యాభై ఏళ్ళుంటాయేమో, నా పేరు చూసి ‘మీదే ఆఖరిది, రండి’ అని పెట్టె ఒకటి తనే అందుకున్నారు. గదిలో మంచం మీద దుప్పటి వేసి ఉంది. వంటగదిలో ఒక అర మీద నా పేరు రాసి అంటించారు, పేరులో రెండు తప్పులున్నాయి, అయినా తెలియని ఊళ్ళో అర్ధరాత్రి నా పేరు రాసిన అర ఒకటి ఉండడం చూసి ఎందుకో కళ్ళు చెమర్చాయి. అమ్మకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ‘తలుపుకి లోపల గొళ్ళెం ఉందా?’ ఉంది.

చేరేముందు ఒక లిస్టు పంపుతారు, ఏం తెచ్చుకోవాలి, ఏం అక్కర్లేదు అని. బాగుంటుంది. బకెట్టు, హ్యాంగర్లు, ఇస్త్రీపెట్టె ఇక్కడ ఉన్నాయని ముందే తెలియడంవల్ల నాకు ఒక పెట్టె తగ్గింది. అందులో లేనివి నేను చెప్తా: ఎక్స్‌టెన్షన్ బోర్డు (గదికి రెండే ప్లగ్గులు, అందులో ఒకటి బీరువా వెనక), చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు, చిన్న స్క్రూడ్రైవర్. విమానంలో వచ్చేవాళ్ళు పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే పెట్టుకోండి, లోపలికి పంపే లగేజీలో దాన్ని ఒప్పుకోరు. మా ఫ్లోర్‌లో ఒకడి పెట్టె దానివల్లే విమానాశ్రయంలో ఆగిపోయి రెండు రోజుల తర్వాత వచ్చింది, పాపం మొదటిరోజు ఆఫీసుకి నా చొక్కా వేసుకెళ్ళాడు.

మొదటి రాత్రి ఎంత అలసిపోయినా రెండు పనులు చేశాను, రెండూ మంచివయ్యాయి.

ఒకటి, పరుపు తనిఖీ. ఎంతమంది పడుకుని వెళ్ళిన మంచమో ఎవరికి తెలుసు. పెట్టెలు బాత్రూమ్‌లోనే ఉంచి, ఫోన్ కాస్త ఛార్జింగ్ ఎక్కించి, టార్చి వేసి పరుపు అంచుల కుట్లు, మంచం కోళ్ళ కీళ్ళు, తలగడ వెనక చెక్క చూశాను. నల్లులు పగలు అలాంటి సందుల్లోనే దాక్కుంటాయి, అవి కనిపించకపోయినా మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు కనిపిస్తే ఉన్నట్టే. పెద్ద నల్లి అర సెంటీమీటరు ఉంటుంది, కంటికి బాగానే ఆనుతుంది. ఎగరవు, గెంతవు, మన లగేజీ ఎక్కే ప్రయాణం చేస్తాయి, అందుకే పెట్టెలు మంచం దగ్గరికి చేర్చకుండా బాత్రూమ్‌లో పెట్టడం. నా గదిలో ఏం లేవు. మూడో అంతస్తులో ఒకమ్మాయికి రెండో వారంలో కనిపించాయి. ఆ విషయంలో సర్వీసువాళ్ళు అదేరోజు గది మార్చారు, బట్టలన్నీ డ్రైయర్లో బాగా వేడి మీద అరగంట తిప్పించారు, మందు కొట్టేవాళ్ళని రెండుసార్లు పిలిపించారు. రెండోసారి ఎందుకంటే గుడ్లకి మందు అంతగా ఎక్కదట, వారం పదిరోజుల్లో పొదిగి పిల్లలు బయటికొస్తాయి, అప్పుడు మళ్ళీ కొట్టాలి. ఒక్కసారి కొట్టి అయిపోయిందన్నారంటే నమ్మకండి. ఈ ఒక్క విషయంలో వీళ్ళకి నిజంగా మార్కులివ్వాలి.

రెండోది ఫోటోలు. గదిలో ఏది ఎలా ఉందో 48 గంటల్లోపు ఫోటోలు తీసి యాప్‌లో పెట్టమన్నారు. చాలామంది రెండు మూడు పెట్టి వదిలేశారు. నేను 61 తీశాను. గోడ మీద ప్రతి మేకు కన్నం, బల్ల మీద కప్పు పెట్టిన మచ్చ, బీరువా తలుపు కింద ఊడిన చెక్కపొర, బాత్రూమ్ అద్దం మూల పగులు. గది మొత్తం నడుస్తూ ఒక వీడియో. యాప్‌లో పెట్టినవే మళ్ళీ వాళ్ళకి మెయిల్ కూడా చేశాను, యాప్ వాళ్ళది, మెయిల్ నాది. పక్కగది అబ్బాయి తలుపు దగ్గర నిలబడి ‘ఏంటి, గది కొంటున్నావా?’ అని నవ్వాడు. నవ్వనీ అనుకున్నా. ఆ 61 ఫోటోలే తర్వాత నా డబ్బు కాపాడాయి, అతనికి కాపాడటానికేం లేకపోయింది.

వైఫై గురించి ప్రకటనలో ‘హై స్పీడ్’ అని ఉంటుంది. నా గదిలో స్పీడ్ టెస్టు పెడితే డౌన్‌లోడ్ 40 ఎంబీపీఎస్ చూపించింది. అది మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 5 మెగాబైట్లు, చెడ్డదేం కాదు. తీరా మొదటి మీటింగులో నా మొహం బొమ్మలా ఆగిపోయింది, గొంతు రోబోలా వచ్చింది. ఎందుకంటే వీడియో కాల్లో మనం కనిపించాలంటే అప్‌లోడ్ కావాలి, అది ఒకటిన్నర కూడా లేదు. రూటరు వరండా చివర ఉంది, నా గదికి దానికి మధ్య మూడు గోడలు. రూటరు ఇచ్చే రెండు రకాల వైఫైల్లో 5 గిగాహెర్ట్‌జ్‌ది వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటలేక చతికిలబడుతుంది, 2.4 దూరం వస్తుంది గానీ అంతస్తంతా దాని మీదే వేలాడుతుంటారు. కంప్లైంట్ ఇస్తే మూడో వారంలో మధ్యలో ఇంకో రూటరు పెట్టారు, అప్పట్నుంచి ఫర్లేదు. ఇంటినుంచి పనిచేసే రోజులు మీ ఇంటర్న్‌షిప్‌లో ఉంటే వీడియో టూర్ అప్పుడే ఆ గదిలోనే నిలబడి టెస్టు పెట్టమనండి, అప్‌లోడ్ అంకె చూడండి.

దూరం సంగతి ఇంకో మోసం, మోసమంటే పూర్తిగా వాళ్ళది కూడా కాదు. పేజీలో ‘మీ ఆఫీసుకి 20 నిమిషాలు’ అని ఉంది. నేనూ మ్యాపులో చూసి సరిపెట్టుకున్నా. చూసింది రాత్రి పదకొండుకి. ఉదయం ఎనిమిదిన్నరకి బయల్దేరితే 50 నిమిషాలు, వానపడితే దేవుడే దిక్కు. మ్యాపులో బయల్దేరే టైము మార్చి చూసుకునే వీలుంటుంది, సోమవారం ఉదయం ఎనిమిదిన్నర అని పెట్టి చూడండి. రానూపోనూ రోజుకి అదనంగా గంట పోయింది నాకు, పన్నెండు వారాలు, వారానికి ఐదు రోజులు, అరవై గంటలు బస్సులో నిలబడ్డాను. ఆ గంట విలువ తెలిసుంటే ఆఫీసుకి దగ్గర్లో కాస్త ఎక్కువ అద్దె అయినా తీసుకునేదాన్నేమో.

రిపేర్ల గురించి. బాత్రూమ్ కుళాయి కారడం మొదలైంది. యాప్‌లో టికెట్ పెట్టాను. రెండ్రోజులకి మెసేజ్: ‘మీ సమస్య పరిష్కరించబడింది, మీ అనుభవానికి రేటింగ్ ఇవ్వండి.’ కుళాయి నా కళ్ళముందు టప్ టప్ టప్ మని కారుతూనే ఉంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పరిష్కరించబడింది. మూడోసారి విసుగొచ్చి కిందకెళ్ళి కేర్‌టేకర్‌కి చెప్తే ఆయన తెల్ల టేపు ఒకటి తెచ్చి మరలకి చుట్టి ‘ఇకమీద ఎడమవైపే తిప్పండి, కుడివైపు ముట్టుకోవద్దు’ అన్నారు. ఖాళీ చేసేదాకా అలాగే నడిచింది. ఈ సర్వీసు మొత్తంలో నిజంగా పనిచేసే భాగం ఆయనే. యాప్‌కి నేను ఒక స్టార్ ఇచ్చాను, ఆయనకి ఇవ్వడానికి యాప్‌లో చోటే లేదు.

వాషింగ్ మెషిన్లు రెండు, మనుషులు ఇరవై రెండు మంది. ఆదివారం పొద్దున వెళ్తే మీ వంతు సాయంత్రానికి వస్తుంది. బుధవారం రాత్రి ఖాళీ. అంతే.

వంటగది మాత్రం నేను అనుకోనంత బాగా కలిసొచ్చింది. వాళ్ళు ప్రకటనల్లో గొప్పగా చెప్పే ‘కమ్యూనిటీ ఈవెంట్లు’ మొత్తం మీద రెండే జరిగాయి, ఒకదానికి ఐదుగురు వచ్చారు, అందులో ఇద్దరు ఫోటో తీయడానికి వచ్చిన స్టాఫ్. కానీ నాలుగు పొయ్యిలకి ఇరవై రెండు మంది కాబట్టి రోజూ రాత్రి ఎనిమిదికి లైన్లో నిలబడాలి, నిలబడితే మాట్లాడుకోవాలి. ఆఫీసులో మొదటి మూడు వారాలు నాకు ఎవరూ తెలీదు, మేనేజరు మంచివాడే కానీ అడిగితే తప్ప చెప్పడు, రోజంతా పది మాటలు మాట్లాడేదాన్నేమో. గదికొచ్చి తలుపేసుకున్న రోజులు రెండు మూడు చాలా దిగులుగా గడిచాయి, అమ్మకి ఫోన్ చేస్తే గొంతులో తెలిసిపోతుందని మెసేజ్‌తో సరిపెట్టిన రోజులవి. వంటగది లైన్లో పరిచయమైన ముగ్గురూ ఇంటర్న్‌లే, వేరే వేరే కంపెనీలు, ఏడుపులు మాత్రం ఒకటే. అక్కడే తెలిసింది, మొదటి నెల ఎవరికీ పని సరిగ్గా అర్థం కాదని. విడిగా గది తీసుకుని ఉంటే ఈ మాట తెలిసేది కాదు. అద్దె ఎక్కువైందని నేను గొణుక్కున్నప్పుడల్లా ఇది గుర్తొచ్చి కాసేపు ఊరుకునేదాన్ని. ఫ్రిజ్‌లో నా పాలు ఎవరో రోజూ తాగేవాళ్ళు, అది వేరే సంగతి, ఇప్పటికీ దొంగ దొరకలేదు.

సరే, ఏడో పేజీ.

ఇంటర్న్‌షిప్ పన్నెండు వారాలు, అంటే 84 రోజులు. గది ఇచ్చేది నెలల లెక్కన. మూడు నెలలంటే 89 నుంచి 92 రోజులు, ఎప్పుడు మొదలైందో దాన్నిబట్టి. ముందే ఒక వారం అద్దె గాల్లో కలుస్తుంది. దీన్ని నేను చేరేముందే గమనించి అడిగాను, చివరి నెల రోజుల లెక్కన తీసుకోమని. కుదరదన్నారు. సరేలే, వారం ముందు చేరి ఊరు చూద్దాం అనుకున్నా, కంపెనీ చేరే తేదీ మార్చలేదు, నాకు పరీక్షలు అయ్యేది అంతకు నాలుగు రోజుల ముందే. ఆ వారం పోయింది. మీకు కంపెనీ తేదీలు ఇంకా ఖాయం కాకపోతే గదివాళ్ళతో మాట్లాడాకే తేదీలు ఒప్పుకోండి.

అసలు దెబ్బ ఇది. కాంట్రాక్టులో మొదటి పేజీలోనే నా ముగింపు తేదీ రాసి ఉంది. తేదీ రాసి ఉంది కదా, ఆరోజు వెళ్ళిపోతాను కదా, మళ్ళీ చెప్పడమేంటి అనుకున్నా. ఏడో పేజీలో ఏముందంటే, ముగింపు తేదీకి 30 రోజుల ముందు ‘ఖాళీ చేస్తున్నాను’ అని యాప్‌లో నోటీసు పెట్టకపోతే కాంట్రాక్టు దానంతట అదే ఇంకో నెల పెరిగిపోతుంది. నేను ఇరవై రెండు రోజుల ముందు, అదీ పక్కగది అబ్బాయి మాటల్లో చెప్తే, పరుగెత్తి పెట్టాను. ఎనిమిది రోజులు ఆలస్యం. నెలంతా కట్టమని మొదట బిల్లు వచ్చింది. వారం రోజులు మెయిళ్ళు రాస్తే, అయ్యో పాపం స్టూడెంట్ అని, ఎనిమిది రోజుల అద్దెకి దించారు. ఇది వాళ్ళు కట్ చేశారు, నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే రాసి ఉంది, నేను చదవలేదు. తప్పు నాది. కానీ అయిపోయే తేదీ ముందే రాసి ఉన్న కాంట్రాక్టుకి మళ్ళీ నోటీసు అడగడం, దాన్ని ఒక్కసారి కూడా గుర్తుచేయకపోవడం, నాకైతే ఇది మర్చిపోతారని తెలిసి పెట్టిన వలలాగే అనిపించింది. అద్దె కట్టమని మాత్రం ప్రతినెలా మూడు రిమైండర్లు వచ్చేవి.

తర్వాత అడ్వాన్సు. ఖాళీ చేసేరోజు స్టాఫ్ ఒకాయన వచ్చి గది చూసి ‘అంతా బాగుంది’ అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే ‘యాప్‌లో వస్తుంది’ అన్నాడు. యాప్‌లో వచ్చింది, పది రోజుల తర్వాత, మూడు కోతలతో: గోడకి రంగు, బీరువా తలుపు, గది శుభ్రం చేసినందుకు. మొదటి రెండిటికీ నా 61 ఫోటోల్లోంచి ఏడు తీసి, తేదీలతో, మొదటిరోజు పంపిన మెయిల్‌కే జవాబుగా పెట్టాను. రెండ్రోజుల్లో ఆ రెండు కోతలూ మాయమైపోయాయి, ఒక్క మాట వాదన లేదు. ఆ వేగం చూస్తేనే తెలుస్తుంది, ఫోటోలు లేనివాళ్ళ దగ్గర అది మామూలుగా నడిచిపోతుందని. శుభ్రం చేసిన ఖర్చు మాత్రం వదల్లేదు, నేను ఊడ్చి తుడిచిన ఫోటోలు తీశాను గానీ వంటగదిలో నా అర తీయలేదు, అక్కడ పసుపు మరక ఉందట. పక్కగది అబ్బాయికి రంగు, తలుపు, పరుపు మరక అన్నీ కలిపి అడ్వాన్సులో సగం పోయింది. ఇప్పుడు నవ్వట్లేదు.

మిగిలిన డబ్బు ‘30 పనిదినాల్లో’ వస్తుందని రాసి ఉంది. నేను నెల అనుకున్నా. వారానికి ఐదు పనిదినాలైతే 30 పనిదినాలు అంటే ఆరు వారాలు, మధ్యలో సెలవులు పడితే ఇంకా ఎక్కువ. నాకు 45వ రోజున వచ్చింది. అప్పటికి కాలేజీ ఫీజు కట్టాల్సిన తేదీ దాటిపోయి అక్క దగ్గర అప్పు తీసుకున్నా. ఆ డబ్బు ఫలానా రోజుకి చేతికొస్తుందని లెక్కేసుకుని ఏ ఖర్చూ పెట్టుకోవద్దు.

చిన్న విషయం, మర్చిపోయేలోపు. వెళ్ళిపోయేముందు బ్యాంకులో, ఆన్‌లైన్ షాపింగ్ యాపుల్లో ఆ అడ్రసు మార్చుకోండి. నేను మార్చలేదు, వచ్చేశాక ఒక పార్సిల్ అక్కడికి వెళ్ళింది. కేర్‌టేకర్ దాన్ని తన గదిలో పెట్టి నాకు ఫోన్ చేశారు, అదీ ఆయన సొంత ఫోన్ నుంచి.

ఎవరు తీసుకోవచ్చు అని అడిగితే, ఆ ఊళ్ళో ఒక్కరూ తెలియనివాళ్ళు, మొదటిసారి ఇల్లు దాటుతున్నవాళ్ళు, రెండు నెలల అద్దె ముందే కట్టగలిగినవాళ్ళు తీసుకోవచ్చు, డబ్బు పోయినా మనశ్శాంతి ఉంటుంది. అక్కడే స్నేహితులో చుట్టాలో ఉన్నవాళ్ళు, ఒక నెల వాళ్ళ దగ్గర సర్దుకోగలిగినవాళ్ళు మాత్రం ఆ నెల తిరిగి వెతుక్కుంటే ఇంతకంటే చవకగా, ఆఫీసుకి దగ్గరగా దొరుకుతుంది. నేను మళ్ళీ తీసుకుంటానా? మొదటి నెలకి తీసుకుంటా. మూడు నెలలకి తీసుకోను.

అదే గదిలోకి వచ్చే నెల మా కాలేజీ జూనియర్ దిగుతోంది, నిన్ననే ఫోన్ చేసి ‘అక్కా, బాగుంటుందా?’ అని అడిగింది. ఏడో పేజీ ముందు చదువు, నోటీసు తేదీకి ఈరోజే అలారం పెట్టుకో, వంటగదిలో నీ అర కూడా ఫోటో తీసుకో అని చెప్పాను. కుళాయి ఎడమవైపే తిప్పమని, ఆ టేపు ఇంకా ఉంటే పీకొద్దని కూడా.